కిలో ఉప్పు వంద రోజులు రావాలి

రాజమహేంద్రవరం

చి.ల.సౌ. బుజ్జికి అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ నాన్నగారూ క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, చిన్నాడూ కులాసా అని తలుస్తాను.

మొన్న నా కొత్త రిపోర్టులు వాట్సాప్‌లో చూసి "ఏం చేశావమ్మా, ఇంత మారింది?" అని అడిగావు. ఫోనులో చెబుదామంటే నీకు మీటింగు, నాకు కుక్కరు విజిలు, మధ్యలో చిన్నాడు ఫోను లాక్కుంటాడు. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను. తీరిగ్గా చదువు. ఇందులో సగం నా సంగతి, సగం నీ సంగతి.

ముందు అంకెలు చెప్పేస్తాను. మొదట్లో బీపీ 158/96, చెడ్డ కొలెస్ట్రాల్ 168, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 240, నడుము 94 సెంటీమీటర్లు. ఇప్పుడు వరసగా 126/78, 92, 142, 86. నడుము ఇంకా తగ్గాలి. మన దేశపు ఆడవాళ్ళకి 80 దాటకూడదంటారు. ఇందులో చెడ్డ కొలెస్ట్రాల్ అంత దిగడం ఎక్కువగా రాత్రిపూట వేసుకునే మాత్ర పుణ్యమే. తిండి మార్చుకుంటే అది కొంతవరకే దిగుతుంది, ఎందుకంటే చాలా భాగం మన లివరే తయారుచేస్తుంది. ట్రైగ్లిజరైడ్స్, నడుము మాత్రం ఎక్కువగా తిండి వల్లా నడక వల్లా తగ్గినవి. బీపీ విషయంలో బీపీ మాత్రకి సగం, ఉప్పు తగ్గించినందుకు సగం ఇవ్వొచ్చు. ఇలా పంచి చెప్పడానికి కారణం ఉంది. మీ పిన్ని చుట్టాలందరికీ "అక్క మందుల్లేకుండానే తగ్గించేసుకుంది" అని చెప్పుకుంటూ తిరుగుతోంది. అది విని ఎవరైనా మాత్రలు మానేస్తే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది.

ఇది బయటపడిన తీరు నీకు పూర్తిగా తెలీదు. డాబా మీద వడియాలు పెట్టడానికి వెళ్తుంటే సగం మెట్లెక్కాక ఆగాల్సి వచ్చేది. నొప్పంటూ ఏమీ లేదు. ఆయాసం, వీపు పైభాగంలో ఏదో బరువు, అంతే. ఇంట్లో గ్యాస్ అన్నారు. పక్కింటావిడ వయసు అంది. గుండె అన్న మాట ఎవరి నోటా రాలేదు. అదే మీ నాన్నగారు మెట్ల మీద ఒక్కసారి ఆగితే ఆ సాయంత్రానికే ఆసుపత్రిలో ఉండేవారు. ఈసీజీ తీశారు, ఎకో తీశారు, ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. స్టెంటు అవసరం లేదన్నారు. గుండె గోడ మాత్రం కాస్త దళసరెక్కిందట. ఏళ్ళ తరబడి ఎక్కువ బీపీకి ఎదురు పంపు చేసిన గుండె అలాగే అవుతుందట. అంటే నాకు బీపీ ఉందని తెలియక ముందునుంచే అది ఉందన్నమాట.

అప్పుడు డాక్టరమ్మ నేను అనుకోని ప్రశ్న వేసింది. "కాన్పుల్లో బీపీ వచ్చిందా?" అని.

వచ్చింది. నువ్వు కడుపులో ఉన్నప్పుడే. కాళ్ళూ మొహం వాచిపోయి, గుర్రపువాతం (బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) వస్తుందేమోనని నెల ముందే ఆపరేషన్ చేసి నిన్ను బయటికి తీశారు. తర్వాత కొన్ని వారాలకి బీపీ మామూలైపోయింది, నేనూ మర్చిపోయాను. అలా వచ్చినవాళ్ళకి ముందుముందు గుండె జబ్బుగానీ పక్షవాతంగానీ వచ్చే అవకాశం మిగతావాళ్ళతో చూస్తే దాదాపు రెట్టింపు ఉంటుందని ఆవిడ చెప్పింది. మళ్ళీ బీపీ పట్టుకునే అవకాశం ఇంకా ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చినవాళ్ళ సంగతీ ఇంచుమించు ఇంతే. నెలసరి ఆగిపోయాక ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గి కొలెస్ట్రాల్ పెరుగుతుంది కాబట్టి ఆ వయసులో ఇవన్నీ కలిసి మీదకొస్తాయి.

చిన్నాడు పుట్టేటప్పుడు నీకూ ఎనిమిదో నెలలో బీపీ వచ్చింది. గుర్తుంది కదా? డిశ్చార్జి కాగితాలు నీలం ఫైల్లో ఉన్నాయి, పారేయకు. దీని గురించి చివర్లో మళ్ళీ చెబుతాను.

తిండి సంగతికి వస్తాను. మీ నాన్నగారికి బీపీ ఎప్పుడో వచ్చింది. అప్పటినుంచి ఆయన కూర చప్పగానే వండుతున్నాను. ఆయన తిని లేచాక రెండున్నరకి నేను కూర్చుని, ఆ చప్పటి కూర గొంతు దిగక ఆవకాయో మాగాయో వేసుకునేదాన్ని. గిన్నె అడుగున మిగిలిన అన్నం పారేయబుద్ధి కాదు, అదీ నా కంచంలోకే. శనివారం ఉపవాసం పేరు చెప్పి రాత్రికి పూరీలు. ఇది నా ఒక్కదాని తీరు కాదు. మీ అమ్మమ్మ అంతే, మీ నాయనమ్మ అంతే, మన వీధిలో ఏ ఇంట్లో చూసినా అంతే. వండే చెయ్యి మనది, పథ్యం మాత్రం మగవాళ్ళకి. అందుకని నేను మొదట మార్చింది నూనె కాదు, ఉప్పు కాదు. తినే వేళ. పన్నెండున్నరకి ఆయనతోపాటే కూర్చుంటున్నాను. ఎవరికి కావాల్సింది వాళ్ళే వడ్డించుకుంటున్నాం. మిగిలితే ఫ్రిజ్‌లోకి వెళ్తుంది, నా కంచంలోకి కాదు.

కంచంలో కూడా ఒక చిక్కుంది. మన భోజనంలో అన్నం ఒక్కసారి రాదు. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, పులుసుతో ఒకసారి, చివరికి పెరుగుతో. కొంచెం కొంచెంగానే తిన్నామనిపిస్తుంది గానీ కలిపి చూస్తే కొండంత అవుతుంది. ట్రైగ్లిజరైడ్స్ పెరగడానికి నేయీ నూనే కారణమనుకునేదాన్ని. మితిమీరిన అన్నం, పంచదార కూడా లివరులో కొవ్వుగా మారి రక్తంలోకి వస్తాయట. ఇప్పుడు అన్నం ఒక్కసారే పెట్టుకుంటాను. కంచంలో సగం కూరలదే. ఆనపకాయ, బీరకాయ, తోటకూర, గోంగూర పప్పు, ఏదైనా సరే అన్నం కంటే ఎక్కువుండాలి. పొద్దున పెసరట్టు, నూనె చుక్కతో. కొన్ని రోజులు రాత్రికి జొన్నరొట్టె. కొర్రలూ అరికెలూ కూడా వండి చూశాను, మీ నాన్నగారు మొహం అదోలా పెట్టారు, మానేశాను. వాటి మీద నాకూ అంత మోజు లేదు. చేపల పులుసు వారానికి రెండుసార్లు, వేపుడు మాత్రం లేదు. కవళ్ళు (సార్డిన్ చేపలు) దొరికితే వదలను. పులస కంటే అవే గుండెకి మేలని ఎవరైనా అంటే గోదావరి జిల్లాల్లో గొడవైపోతుంది కానీ, ధర చూస్తే నా ఓటు కవళ్ళకే, ఒమేగా-3 అనే మంచి కొవ్వు వాటిల్లోనూ బాగానే ఉంటుంది. ఎండుచేపలు మాత్రం మానేశాను, అవన్నీ ఉప్పే.

ఉప్పు గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు అంటోంది, అంటే ఒక చెంచా. వంటింట్లో గ్రాములు తూచేదెవరు? అందుకే లెక్క తిరగేశాను. ఇద్దరికి రోజుకి 10 గ్రాములంటే కిలో పొట్లం వంద రోజులు రావాలి. మాకు నెలన్నర తిరక్కుండానే అయిపోయేది. పచ్చళ్ళు, అప్పడాలు, ఊరమిరపకాయల్లోని ఉప్పు అందులో కలపనే లేదు. ఇప్పుడు పొట్లం విప్పిన రోజు దానిమీద పెన్నుతో తేదీ వేస్తున్నాను. చారులో ఉప్పు తగ్గిస్తే చింతపండు కొంచెం పెంచాను, కూర దించాక నిమ్మకాయ పిండుతాను, పోపులో ఇంగువా వెల్లుల్లీ ధారాళంగా వేస్తాను. పెరుగన్నంలోకి ఉప్పు వేసుకోవడం మానేశాం. మొదట్లో అంతా నీళ్ళు తాగినట్టుండేది. నెల తిరిగేసరికి నాలుక అలవాటు పడింది, ఇప్పుడు పెళ్ళి భోజనాలే ఉప్పుగా అనిపిస్తున్నాయి.

నువ్వు ఆన్‌లైన్‌లో తెప్పించిన లో సోడియం ఉప్పు మాత్రం విప్పలేదు. అందులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది. నేను బీపీకి వేసుకునే టెల్మిసార్టాన్ మాత్ర కూడా ఒంట్లో పొటాషియం పెంచుతుంది. రెండూ కలిస్తే మంచిది కాదు, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి మరీను. మీ మామగారికి ఎవరైనా అది ఇస్తే ముందు వాళ్ళ డాక్టరుని అడగమను.

నూనె మనిషికి నెలకి అరలీటరు అన్నారు. మేం అంతకి కాస్త పైనే ఉన్నాం. అబద్ధం చెప్పను, బజ్జీలంటే నాకు ప్రాణం.

నడక సంగతి నీకు ఫొటోల్లో తెలుసు. పొద్దున్నే గోదావరి గట్టు మీద, కోటిలింగాల ఘాట్ నుంచి పుష్కర ఘాట్ వైపు. "ఇంటి పనంతా వ్యాయామమే కదా" అని నేనూ అనేదాన్ని. ఇంటి పనిలో ఆగుతూ, వంగుతూ, మళ్ళీ ఆగుతూ చేస్తాం. గుండె వేగం పెరిగి కాసేపు అలాగే నిలవాలి. వారానికి కనీసం 150 నిమిషాలు. వేగం సరిపోయిందో లేదో తెలియడానికి వాచీలేమీ అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నా పక్కన నడిచే మాస్టారమ్మ అన్నమయ్య కీర్తన మొత్తం పాడేస్తుంది, ఆవిడకి నడక ఏం పనిచేస్తుందో దేవుడికే తెలియాలి. నడక అయ్యాక ఘాట్ దగ్గర బండి మీద మైసూర్ బజ్జీలు తినే బృందం ఒకటుంది. వాళ్ళతో స్నేహం చెయ్యలేదు. మే నెలలో ఆరు దాటితే ఇక్కడ ఎండ మాడ్చేస్తుంది, ఆ రోజుల్లో ఇంట్లోనే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం చేస్తాను. తొడలు గట్టిపడ్డాయి, మెట్లు సులువయ్యాయి.

ఆ గంట నాకు దొరికింది మీ నాన్నగారు కాఫీ పెట్టడం నేర్చుకోవడం వల్ల. మొదటి వారం ఆ కాఫీ తాగడమే గుండెకి ప్రమాదంగా ఉండేది. ఇప్పుడు బాగానే పెడుతున్నారు. కూరగాయలు కూడా తరుగుతున్నారు, ముక్కలు మాత్రం ఏనుగుకి పెట్టేంత.

ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా పండగలకి తింటాను. డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టడమే మానేశాను. తెల్లమద్ది బెరడు కషాయం, వెల్లుల్లి తేనె, వారంలో బ్లాకులు కరిగించే ఆకు, ఇవన్నీ రోజుకొకటి ఫోనుకి వస్తుంటాయి. చూసి తీసేస్తాను. "మీ తాతగారూ గుండెపోటుతోనే పోయారు, వంశంలో ఉంది" అనేవాళ్ళూ ఉన్నారు. వంశం ఉంది నిజమే. కానీ 2004లో 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోట్లలో తొంభై శాతానికి పైగా తొమ్మిది అంశాలతోనే ముడిపడి ఉన్నాయని తేలింది. పొగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగరు, బొజ్జ, టెన్షన్, కూరగాయలూ పండ్లూ తినకపోవడం, కదలకపోవడం, మద్యం. అన్నీ కొలవదగ్గవో మార్చుకోదగ్గవో. మన వైపు దేశాలవాళ్ళకి గుండెపోటు మిగతావాళ్ళకంటే ఐదారేళ్ళు ముందే వస్తున్నట్టు కూడా అందులోనే తేలింది.

ఇక నీ సంగతి. ఏడాదికోసారి బీపీ, షుగరు, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్స్ చూసే పరీక్ష) చేయించుకో. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టరైనా సరే, కాన్పులో బీపీ వచ్చిందని చెప్పు. వాళ్ళు అడగరు, నువ్వే చెప్పాలి. లైపోప్రోటీన్ (ఎ) అని చెడ్డ కొలెస్ట్రాల్ లాంటిదే ఒకటి రక్తంలో ఉంటుంది, అది వంశం ద్వారా వచ్చేది, దాని పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయిస్తే దాదాపు చాలు. రెండో బిడ్డ అనుకుంటే కడుపు రాకముందే డాక్టరుని కలువు. నీలాంటివాళ్ళకి పన్నెండో వారం నుంచి చిన్న డోసు ఆస్పిరిన్ ఇస్తుంటారు, ఇవ్వాలో వద్దో వాళ్ళు తేలుస్తారు. ఛాతీలో బరువు, దవడకో వీపుకో చేతికో పాకే నొప్పి, కారణం లేని ఆయాసం, చల్లటి చెమట, వీటిల్లో ఏది వచ్చినా గ్యాస్ మాత్ర వేసుకుని కూర్చోకు, 108కి ఫోను చెయ్యి.

నువ్వు రాత్రి పదకొండుకి లాప్‌టాప్ మూసి, చిన్నాడు వదిలేసిన నూడుల్స్ తిని పడుకుంటున్నావని అల్లుడుగారే చెప్పారు. ఆయన్నే అడుగు, పొద్దున ఒక గంట చిన్నాణ్ణి చూసుకోమని. మొహమాటపడకు. నువ్వు అడగలేకపోతే నేను అడుగుతాను, అప్పుడు బాగోదు.

ఈ ఏడు ఆవకాయ చిన్న జాడీయే పెట్టాను. నీకు చిన్న డబ్బా పంపుతున్నాను, అది ఏడాదంతా రావాలి. అయిపోతే మళ్ళీ పంపను, పక్కింటి నుంచి తెప్పించుకుంటే నాకు తెలుస్తుంది.

ఇట్లు,
మీ అమ్మ

తా.క.: డబ్బాతోపాటు బీపీ మిషను పంపుతున్నాను. జబ్బకి కట్టేది, మణికట్టుది కాదు. కాఫీ తాగిన అరగంట దాకా చూసుకోకు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, రెండుసార్లు చూసి రెండూ రాసుకో. ఇంట్లో చూసినప్పుడు 135/85 దాటుతూ ఉంటే నాకు ఫొటో పంపడం కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళు. బ్యాటరీలు విడిగా కవర్లో ఉన్నాయి.