రాముడే పెద్దవాడు, శ్యాముడు కాదు

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో ‘రాముడు భీముడు’ను హిందీ ‘రామ్ ఔర్ శ్యామ్’కు తెలుగు రూపమని వేశారు. మర్నాడో, ఆ మర్నాడో సవరణ వస్తుందని చూశాను. వారం కావస్తున్నా రాలేదు కాబట్టి రాస్తున్నాను. మనది 1964 మేలో వచ్చింది. హిందీది 1967లో. ఈలోగా 1965లో తమిళంలో ఎం.జి.ఆర్. వేశారు. మూడింటికీ దర్శకుడు తాపీ చాణక్యే! కవలలు తారుమారైతే సినిమాలో కడుపుబ్బ నవ్వుకున్నాం గానీ, పత్రికలో అన్న తమ్ముడైపోతే ఏమని నవ్వమంటారు?

రామానాయుడు గారి సురేష్ సంస్థకు తొలి సినిమా అది. నరసరాజు గారి కథ. ఇద్దరు రామారావులను ఒకే తెర మీద నిలపడానికి రవికాంత్ నగాయిచ్ సగం కెమెరా మూసి ఒకసారి, ఫిల్ము వెనక్కి తిప్పి మిగతా సగం మరోసారి తీశారు. డూపుగా నిలబడ్డది కైకాల సత్యనారాయణ. మీ వ్యాసంలో ఇవేవీ లేవు, జమున గారి చీరల మీద మాత్రం ఒక పేరా ఉంది.

నాకు అసలు కడుపు మండింది వేరే. ‘దేశమ్ము మారిందోయ్’ పాట తీసింది మా నాగార్జునసాగర్‌లో. అప్పటికి ఆనకట్ట పని ఇంకా నడుస్తోంది. కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. మా నాన్న అక్కడ రాళ్లు మోసినవాడు. టీవీలో ఆ పాట వస్తే చాలు, అన్నం పళ్లెంతోనే లేచి తెర దగ్గరకు పోయేవాడు. రామారావును చూసేవాడు కాదు, వెనకున్న కట్టను ఎంగిలి చేత్తోనే చూపించేవాడు. తెర మీద పప్పు మరకలు తుడవలేక అమ్మ తిట్టేది.

సాగర్‌లో ఈ సంగతి చెప్పే బోర్డు ఒక్కటీ నాకు కనబడలేదు. పెట్టమని రెండేళ్ల కిందట ఒక కార్యాలయంలో అర్జీ ఇస్తే, నాలుగు నకళ్లు తెమ్మన్నారు. తెచ్చాను. అయిదోది అడిగారు. ఆ సినిమాలో హోటల్లో భీముడు తిని పోతే బిల్లు రాముడి మెడకు చుట్టుకుంటుంది. ఎడమ కాలువ చివరి రైతుల బతుకూ అలాగే ఉంది, పంట పైవాళ్లది, అప్పు కిందివాళ్లది. సరే, అది మరో ఉత్తరం.

సవరణ వేసేటట్లయితే లోపలి పేజీ మూలన, పెళ్లి ప్రకటనల కింద వేయకండి. తప్పు వేసిన చోటే వేయండి.

— ఒక పాత పాఠకుడు, హాలియా, నల్లగొండ జిల్లా