డప్పు కాగేదాకా

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి "తర్వాత చెప్తాలే" అని పెట్టేశాను. అప్పటినుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. హైదరాబాద్‌లో ఏదో మాల్‌లో, మనం హాస్టల్లో పిచ్చిగా విన్న బ్యాండు పేరుతో టీషర్టు వేలాడుతోందనీ, అది కొనుక్కున్న పిల్లాడికి వాళ్ళ పాట ఒక్కటి కూడా తెలియదనీ చెప్పావు. "ఇంకెక్కడి పంక్ రా, బొమ్మైపోయింది" అన్నావు. నీ బాధ అర్థమైంది గానీ ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. పెద్దగా నేర్చుకోకపోయినా ఎవరైనా గొంతెత్తి వాయించేసే ఆ మొరటు రాక్ సంగీతం ఇంకా బతికే ఉంది. ఎందుకో రాస్తాను, తీరిగ్గా చదువు.

ముందు ఆ టీషర్టు సంగతి. చొక్కాలు అమ్ముడుపోతే పంక్ పోయినట్టే అనుకుంటే, అది పుట్టినరోజే పోయి ఉండాలి. లండన్‌లో 1975లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండు తయారైందే ఒక బట్టల కొట్టు చుట్టూ. కింగ్స్ రోడ్డులో ఆ కొట్టు నడిపినవాళ్ళు మాల్కమ్ మెక్‌లారెన్, వివియన్ వెస్ట్‌వుడ్. మెక్‌లారెనే ఆ బ్యాండు మేనేజరు. అంటే చిరుగుల బట్టలు అప్పుడే డబ్బుకి దొరికేవి. బట్టలు చూసి పంక్ ఉందో పోయిందో తేల్చలేం బావా.

నన్ను పట్టేసింది వేరే. బజ్‌కాక్స్ గుర్తున్నారా, మాంచెస్టర్ వాళ్ళు? తెలిసినవాళ్ళ దగ్గరా ఇంట్లోవాళ్ళ దగ్గరా డబ్బు అప్పు తెచ్చుకుని, 1977 జనవరిలో నాలుగు పాటల రికార్డు సొంతంగా వేసుకున్నారు. మొదటి విడత 1000 కాపీలు. అట్ట వెనక ఏ పాట ఎన్నోసారి వాయిస్తే కుదిరిందో, ఆ తర్వాత దానిమీద ఏం కలిపారో కూడా అచ్చేశారు. నాకైతే అది చదివినప్పుడు కొబ్బరి ఒలిచే మా బాబాయి గుర్తొచ్చాడు. నేలలో పాతిన గునపం మీద కాయని ఎక్కడ గుచ్చాలో, మణికట్టు ఎటు తిప్పాలో అడిగిన ప్రతి కుర్రాడికీ చూపిస్తాడు. పని నేర్పితే తన కూలి పోతుందన్న భయం ఆయనకెప్పుడూ లేదు. ఆ రికార్డు అట్ట కూడా అలాగే, "ఇదిగో, ఇంతే పని, నువ్వూ చెయ్యి" అంటోంది.

మేమూ అదే పట్టుకున్నాం. అంబాజీపేట దగ్గర కొబ్బరి కొట్టు ఒకటి సగం ఖాళీగా ఉంటే, ఆదివారాలు మాకు ఇచ్చారు. గోడల వెంట పీచు బస్తాలు నిలబెట్టాం, చప్పుడు బయటికి అంతగా పోదు. గిటారు నాది. పాడేది మా పిన్ని కూతురు, డిగ్రీ చదువుతోంది, పాటలన్నీ తనే రాస్తుంది. డ్రమ్స్ కొనే స్తోమత లేదు. దళితపేట నుంచి ఒక కుర్రాడు డప్పు పట్టుకుని వచ్చాడు. మొదటిరోజు అతను వాయించాక డ్రమ్స్ మాట మళ్ళీ ఎవరం ఎత్తలేదు.

పాటలతోపాటు ఒక చిన్న పత్రిక కూడా వేస్తున్నాం. ఒక తెల్లకాగితం మడిచి మధ్యలో ఒక్క చీలిక పెడితే ఎనిమిది పేజీలవుతాయి, పిన్ను కూడా అక్కర్లేదు. జిరాక్సు షాపులో నలభై కాపీలు తీసి టీ బడ్డీల్లో పెడతాం. కిందటిసారి మా చెల్లి రొయ్యల చెరువుల గురించి రాసింది. చుట్టూ చెరువులు తవ్వాక మా వీధి బావి నీళ్ళు ఎలా ఉప్పెక్కాయో, ఎవరింట్లో ఏ ఏడు నుంచి నీళ్ళ డబ్బా కొంటున్నారో ఇంటింటికీ తిరిగి అడిగి రాసింది. దాని తర్వాత రొయ్యల మేత అమ్మే ఒకాయన మా ప్రోగ్రామ్‌కి డబ్బిస్తానన్నాడు, తన బేనరు కట్టుకుంటే చాలన్నాడు. వద్దండీ అన్నాం. కొత్త స్పీకరు రాలేదు, పాతదే గీపెడుతోంది. ఫర్వాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు ఫోన్లో చెప్పలేకపోయింది ఇదే.

కిందటి వినాయక చవితికి ఒక ఊళ్ళో పందిట్లో అరగంట వాయించమని పిలిచారు. పొద్దుటినుంచీ ముసురు. ముసురులో డప్పు తోలు మెత్తబడిపోతుంది, కొడితే తడిగోడ మీద చెయ్యి వేసినట్టుంటుంది. మావాడు రోడ్డు పక్కన ఎండు కొబ్బరాకులు, గుప్పెడు గడ్డి పోగేసి మంట పెట్టాడు. డప్పు ఏటవాలుగా పట్టుకుని, మంట తగిలీ తగలకుండా తిప్పుతూ, మధ్యమధ్య వేలి కణుపుతో తట్టి వింటున్నాడు. డబ్, డబ్ అనేది మెల్లగా గట్టిపడి ఖంగున మోగింది. అప్పుడు లేచాడు. లావు పుల్ల కుడిచేతికి, సన్నది ఎడమచేతికి తీసుకుని స్టేజీ మెట్టు మీద కాలు పెట్టాడు.

కమిటీ పెద్దమనిషి ఒకాయన నెమ్మదిగానే అన్నాడు. "ఆయ్, అతను కింద నిలబడి వాయిస్తాడులెండి, ఎప్పటిలాగే."

ఎప్పటిలాగే. బావా, ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆయన కోపంగా అనలేదు, తిట్టలేదు. కుర్చీ ఇటు జరపండి అన్నంత మామూలుగా అన్నాడు. మావాడు కాలు వెనక్కి తీసేసుకున్నాడు, అదీ మామూలుగానే. నాకు నోట మాట రాలేదు. మా చెల్లి మైకు స్టాండు దగ్గరనుంచి దిగొచ్చి, నా గిటారు వైరు పీకి నా చేతిలో పెట్టి, "అందరం పైనైనా ఉంటాం, అందరం కిందైనా ఉంటాం, విడివిడిగా ఉండం బాబాయిగారూ" అంది. ఆయన ఒప్పుకోలేదు. సామాను సర్దుకుని బయటికొచ్చేశాం.

కాలవ లాకుల దగ్గర టీ బడ్డీ ఆయన కరెంటు తీగ ఇచ్చాడు. మళ్ళీ మంట వేశాడు మావాడు, డప్పు కాగేదాకా అందరం చుట్టూ కూర్చున్నాం. ముప్ఫైమంది దాకా చేరారు. అయిదు పాటలు పాడాం.

అప్పుడు నాకు లండన్ గుర్తొచ్చింది. 1976లో బర్మింగ్‌హామ్‌లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ అంతటివాడు స్టేజీ మీద వలస వచ్చినవాళ్ళ మీద విషం కక్కితే, దానికి జవాబుగా రాక్ అగెయిన్‌స్ట్ రేసిజం, అంటే జాతివివక్షకి ఎదురుగా పాటలతో నడిచే ఉద్యమం, మొదలైంది. 1978 ఏప్రిల్ 30న ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి విక్టోరియా పార్కు దాకా వేలమంది నడిచారు. ఆ పార్కులో పంక్ బ్యాండ్లు క్లాష్, ఎక్స్-రే స్పెక్స్ వాయించారు, జమైకా సంగీతం రెగే వాయించే నల్లవాళ్ళ బ్యాండు స్టీల్ పల్స్ కూడా అదే స్టేజీ ఎక్కారు. పక్కన ఎవర్ని నిలబెట్టుకున్నావన్నదే వాళ్ళ పాటలో సగం. మన దగ్గర కూడా అంతే రా.

బట్టలూ జుట్టూ ఊరికే అని నేననడం లేదు, పొరపాటు పడకు. ఇండోనేషియాలో బండా ఆచేలో 2011 డిసెంబరులో ఒక కచేరీకి వచ్చిన 60 మందికి పైగా పంక్ పిల్లల్ని పోలీసులు పట్టుకెళ్ళి గుండు గీయించారు. అక్కడ ఆ నిక్కబొడిచిన పంక్ జుట్టు ఖరీదు వేరు. ఆ వార్త చదివినప్పుడు రామచంద్రపురం దగ్గరి మన వెంకటాయపాలెం కళ్ళముందు మెదిలింది. 1996లో దళిత యువకులకు శిరోముండనం చేస్తే, కోర్టు తీర్పు 2024లో వచ్చింది. 27 ఏళ్ళు దాటాక! మన ప్రాంతంలో మనిషిని తల వంచుకోమనడానికి ఎన్ని దారులున్నాయో చూడు. అందుకే ఆ మెట్టు మీద నుంచి కాలు వెనక్కి తీసుకోవడం చూసినప్పుడు నాకు అంత కడుపు మండింది.

ఫోన్లో పెట్టొచ్చు కదా, లక్షమంది చూస్తారు అంటావని తెలుసు. రెండు పాటలు పెట్టాం. ఆ రోజునుంచీ ముగ్గురం పాట మానేసి ఎంతమంది చూశారో లెక్క చూసుకోవడం మొదలెట్టాం. నెల తిరక్కుండా తీసేశాం. ఇప్పుడు ఎవరైనా వినాలంటే ఆదివారం కొబ్బరి కొట్టుకి రావాలి. ఈమధ్య ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు వస్తున్నారు, మావాడు వాళ్ళకి డప్పు కాచడం నేర్పుతున్నాడు. నేను గిటారు మీద మూడు కార్డ్స్, అంటే తీగల మీద వేళ్ళు పెట్టే మూడు పట్లు, చూపించాను. ఒకడు అప్పుడే పాట కట్టేశాడు, వాళ్ళ బడి దారిలో వంతెన విరిగి ఉందని.

కాలవలకి నీళ్ళు వదిలారు, ఊడ్పులయ్యాక లాకుల దగ్గర మళ్ళీ వాయిస్తున్నాం. నువ్వు రావాలి. వచ్చేటప్పుడు గిటారు తీగలు రెండు సెట్లు పట్రా, ఈ ఉప్పుగాలికి నెలకే తుప్పు పట్టేస్తున్నాయి. నీ బేస్ గిటారు అటక మీద ఉంటే దించి తుడిచి పెట్టు. మెట్టు పక్కన ఇంకొకళ్ళకి చోటుంది.

నీ బావ