ద్వారం వారి కమాను గురించీ రాయండి

సంపాదకులకు,

నవంబరు వచ్చిందంటే వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి మీద వ్యాసాలు వస్తాయి. ఆయన పుట్టింది 1893 నవంబరు 8న, కన్నుమూసింది 1964 నవంబరు 25న. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో అధ్యాపకుడయ్యారు. 1936లో ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత ప్రిన్సిపాలు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. ఇవన్నీ రాస్తారు. ఆయన్ని ఆయనగా నిలబెట్టిన పొడవాటి కమాను (తీగల మీద లాగే వెంట్రుకల కర్ర) లాగు, తెగని నాదం మాత్రం ఒక్క వాక్యంలో తేలిపోతాయి. నెల్లూరు, ఒంగోలులో వయొలిన్ నేర్చుకునే పిల్లల వాయింపులో కొరవడుతున్నది సరిగ్గా అదే.

బడి వార్షికోత్సవానికల్లా గీతం వాయించాలని పెద్దల తొందర. ఎడమచేతి వేళ్లు త్వరగానే దారిలో పడతాయి. కుడిచేతికి టైం పడుతుంది. మొదటి పాఠాలైన సరళీస్వరాలను మాయామాళవగౌళ రాగంలో, మొదటి కాలం (వేగం) స్వరానికో నిండు కమాను, రెండో కాలం కమానుకు రెండు స్వరాలు, మూడో కాలం నాలుగు చొప్పున వాయించాలి. కమాను, తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జికి సమాంతరంగానే నడవాలి. వేళ్లు పెట్టే పలకవైపు జారితే నాదం పలచబడి ఈల వేస్తుంది, బ్రిడ్జి దగ్గర నొక్కితే గీరుతుంది. కొసకు వచ్చేసరికి మోచెయ్యి వెనక్కి పోవడమే వంకరకు మూలం. అద్దం ముందు కూర్చోబెడితే పిల్లలే కనిపెట్టి దిద్దుకుంటారు. పదేళ్లలోపు పిల్లలకు పెద్ద వయొలిన్ కొనకండి. చెయ్యి చాలక భుజం బిగుస్తుంది, కమాను సగంలోనే ఆగుతుంది. అర సైజో, ముప్పావు సైజో చెయ్యి కొలిచి తీసుకోవాలి.

మన ఎండల సంగతి కూడా. రోహిణి కార్తెలో తలుపులేసిన కారులో వయొలిన్ వదిలితే జిగురు వదిలి అతుకులు విచ్చుకుంటాయి. పొడి వేడికి బిరడాలు (తీగలు బిగించే మరలు) జారతాయి, వానాకాలం చెమ్మకు బిగుసుకుంటాయి. జారే బిరడాకు కాస్త సుద్దపొడి రాస్తే నిలుస్తుంది. వాయించాక కమాను వెంట్రుకలు వదులు చెయ్యాలి, కమానుకు రాసే రోజనం తీగల మీద పడి ఉంటే పొడిగుడ్డతో తుడవాలి. అది పేరుకుంటే ఎంత మంచి చేతికైనా గరగర తప్పదు.

ఈసారి ఆయన మీద వ్యాసం వేసేటప్పుడు బిరుదులకు ఇచ్చినంత చోటు కమానుకూ ఇవ్వండి. పెద్దలు ఆయన పాత రికార్డింగు ఒకటి పెట్టి, కమాను ఎక్కడెక్కడ దిశ మారుతోందో పిల్లల్ని చెవితో పట్టుకోమనండి.

– కొందరు వయొలిన్ ఉపాధ్యాయులు, నెల్లూరు