జవాబులు మర్నాడు వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

శ్రీకాకుళంలో పదకొండేళ్లుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. ఆధార్ కార్డులు, పొలం కాగితాలు, పింఛను ఫారాలు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. సంక్రాంతి దాటిందంటే మాత్రం ఎక్కువగా పిల్లల కాగితాలే. పదో తరగతి ఇంగ్లిష్ మెటీరియల్, ఇంపార్టెంట్ ప్యాసేజీలు, గ్రామర్ బిట్లు సెట్లు సెట్లుగా తీయించుకుని స్పైరల్ బైండింగ్ చేయించుకుంటారు. మీ పత్రికలో వచ్చే విద్యార్థుల పేజీ కూడా చాలామంది కత్తిరించి తెస్తారు. కాగితం గ్లాసు మీద పెట్టేటప్పుడు ఎలాగూ దాని మీద చూపు పడుతుంది. అలా చూసీ చూసీ మీకు ఒక మాట రాయాలనిపించింది.

ఇంగ్లిష్ ప్యాసేజీ, దాని కింద ప్రశ్నలు, ఆ పక్కనే జవాబులు, అన్నీ ఒకే రోజు వేస్తున్నారు. దయచేసి జవాబులు మర్నాడు వేయండి. పక్కనే జవాబు లేకపోతే పిల్లలు ప్యాసేజీ చదివి ఆలోచించే వీలుంటుంది.

మా మేనకోడలు పదో తరగతి. స్కూలు అయ్యాక షాపులోనే కూర్చుని చదువుకుంటుంది. ఒకరోజు ఒక ప్యాసేజీ కింద ఉన్న ఐదు ప్రశ్నలకు నాలుగు నిమిషాల్లో జవాబులు రాసేసింది. చూస్తే అన్నీ కరెక్టే. "ఇంతకీ దాంట్లో ఏం జరిగిందే?" అని అడిగాను. "చదవలేదత్తా. చదవక్కర్లేదు. ప్రశ్నలో ఉన్న మాట పైన ఏ లైన్లో ఉందో వెతికి, ఆ లైను దింపేస్తే మార్కులు పడిపోతాయి" అంది. పిల్ల బద్ధకస్తురాలు కాదు. తనకు అలాగే అలవాటు చేశారు.

మా షాపుకి పింఛను కాగితాలతో వచ్చే రిటైరైన ఇంగ్లిష్ మాస్టారు ఒకరున్నారు. ఆయనకు ఈ సంగతి చెప్పాను. ఆయన పాడైపోయిన కాపీ ఒకటి తీసుకుని, దాని వెనక ఒక వాక్యం రాసి పిల్ల ముందు పెట్టారు. "ది డ్రోమ్ వాజ్ లిప్పింగ్ నియర్ ది కాంజ్." దాని కింద ప్రశ్న: "వేర్ వాజ్ ది డ్రోమ్ లిప్పింగ్?" మా పిల్ల వెంటనే "నియర్ ది కాంజ్" అని రాసింది. "కాంజ్ అంటే ఏమిటమ్మా?" అన్నారు. తెలీదంది. "పోనీ, డ్రోమ్ అంటే?" అదీ తెలీదు. "నాకూ తెలీదమ్మా. ఆ మాటలు నేనిప్పుడే అల్లాను. అయినా నీకు రెండు మార్కులు వేయాల్సిందే" అన్నారాయన. పిల్ల ఆ కాగితం వంక చూస్తూ ఉండిపోయింది. నాకైతే ఇన్నేళ్లుగా నా చేతులతో తీసిచ్చిన కాపీలన్నీ గుర్తొచ్చాయి.

పదో తరగతి ఇంగ్లిష్ పేపరు 100 మార్కులకు. చదివి అర్థం చేసుకోవడానికి 30, గ్రామర్, ఒకాబులరీకి 40, సొంతంగా రాయడానికి 30. ఆ మొదటి 30 మార్కుల్లో పాఠ్యపుస్తకంలో లేని ప్యాసేజీ ఒకటి ఉంటుంది. పట్టికో గ్రాఫో చూసి రాసేది ఇంకొకటి. పరీక్షకు 3 గంటల 15 నిమిషాలు ఇస్తారు, అందులో పావుగంట ప్రశ్నపత్రం చదువుకోడానికే. అంటే పిల్లలు చదవాలనే పేపరు తయారుచేసినవాళ్ల ఉద్దేశం. మధ్యలో మనమే చదవకుండా గట్టెక్కే దారి చూపిస్తున్నాం. టీచర్లను తప్పుపట్టడం లేదు. ముందు పాస్ పర్సంటేజీ చూపించమంటే ఎవరైనా దగ్గరి దారే చెబుతారు.

ఆ దారి పదో తరగతి దాటాక పనికిరాదు. నేను బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్ రాశాను. ఇంగ్లిష్‌లో 30 ప్రశ్నలు, 20 నిమిషాలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. ప్యాసేజీలో ఉన్న మాటలే నాలుగైదు ఆప్షన్లలోనూ కనిపిస్తాయి. లైను వెతికే అలవాటున్నవాళ్లకు ప్రతి ఆప్షనూ కరెక్టే అనిపిస్తుంది. రెండుసార్లు నేను అక్కడే పోగొట్టుకున్నాను.

ఉద్యోగం రాకపోయినా బతుకు సాగుతుంది. సంతకం పెట్టే కాగితం అర్థం కాకపోతే కష్టం. ఉద్దానం వైపు నుంచి గల్ఫ్ వెళ్లే కుర్రాళ్లు మా షాపుకి వస్తుంటారు. మొన్న దసరాకి ముందు ఒకతను నాలుగు పేజీల అగ్రిమెంటు తెచ్చాడు. కాపీ తీస్తుంటే మూడో పేజీలో ఒక వాక్యం కంటపడింది. రెండేళ్ల కాంట్రాక్టు పూర్తయితే తప్ప తిరుగు టికెట్టు కంపెనీ ఇవ్వదని దాని అర్థం. వాక్యం 'అన్‌లెస్'తో మొదలైంది. "తిరుగు టికెట్టు సంగతి చూసుకున్నావా తమ్ముడూ?" అన్నాను. "కంపెనీయే ఇస్తాదక్కా, అందులో రాసుంది కదా" అన్నాడు. కంపెనీ, టికెట్టు అనే రెండు మాటలే అతనికి ఆనాయి. అన్‌లెస్ దగ్గర ఆగలేదు. డిగ్రీ పాసైన కుర్రాడు. 'ఇఫ్' ఉన్న వాక్యాన్ని 'అన్‌లెస్'తో తిరగరాయమంటే పరీక్షలో తడుముకోకుండా రాసి ఉంటాడు. నేను చెప్పాక ముఖం వాడిపోయింది. సంతకం అప్పటికే పెట్టేశాడు.

గ్రామర్ బిట్లతో వచ్చిన చిక్కు అదే. మన పిల్లలు చేసే తప్పులు చాలావరకు తెలుగు అలవాటు నుంచే వస్తాయని మాస్టారు చెప్పేదాకా నాకు తట్టలేదు. 'సోమవారం నుంచి జ్వరం', 'రెండు రోజుల నుంచి జ్వరం' అంటాం. రెండు చోట్లా మనకు 'నుంచి' సరిపోతుంది. అందుకే ఇంగ్లిష్‌లో 'సిన్స్ టూ డేస్' అని వచ్చేస్తుంది. అక్కడ మొదలైన రోజు చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. మా మేనకోడలు ఆ రూలు బట్టీపట్టి కూడా ఏడాదంతా తప్పే రాసింది. ఈ రెండు తెలుగు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఒక్క సాయంత్రంలో పట్టుబడింది. 'కదా' కూడా అంతే. వస్తున్నావు కదా, వాళ్లు తిన్నారు కదా, ఆయనకు తెలుసు కదా అంటూ మనం ఒక్క మాటతో నెట్టుకొస్తాం. ఇంగ్లిష్‌లో అది ఆరెంట్ యూ, డిడింట్ దే, డజింట్ హీ అని వాక్యాన్ని బట్టి మారిపోతుంది. మనం అన్నిటికీ 'ఇజింట్ ఇట్' తగిలిస్తాం.

మాటలైతే తెలిసినవే ముంచుతాయి. 'కవర్' అంటే మనకు కూరగాయలు వేయించుకునే ప్లాస్టిక్ సంచి. రోడ్డును మంచు కప్పేసిందని ప్యాసేజీలో 'కవర్డ్' అని ఉంటే, ఒక పిల్లాడు రోడ్డు నిండా కవర్లు పడున్నాయని చెప్పాడు. తనకు తెలిసిన మాటేనని నమ్మకంగా చెప్పాడు పాపం.

అన్నిటికన్నా పొడుగు వాక్యాల దగ్గరే పిల్లలు ఎక్కువ తికమకపడతారు. 'నిన్న మా ఇంటికొచ్చిన ముసలాయన' అంటాం మనం. చెప్పాల్సిందంతా ముందు చెప్పి మనిషిని చివర్లో చూపిస్తాం. ఇంగ్లిష్‌లో ముసలాయన ముందొచ్చి నిలబడతాడు. ఆయన నిన్న రావడం 'హూ' అనే మాట పట్టుకుని వెనకాల వస్తుంది. ఆయన చేసిన పని ఎక్కడో ఆ తర్వాత గానీ రాదు. దీనికి మాస్టారు చెప్పిన ఉపాయం ఒకటే. ఒక పేరా చదివి, కాగితం బోర్లా పెట్టి, ఏముందో ఎదుటివాళ్లకు తెలుగులో చెప్పాలి. ఎక్కడ నట్టుపడితే అక్కడ అర్థం కాలేదన్నమాట. మళ్లీ ఆ వాక్యం దగ్గరికి వెళ్లాలి. ఇప్పుడు మా షాపులో సాయంత్రాలు ఐదుగురు పిల్లలు ఇలాగే చదువుతున్నారు. ఇంగ్లిష్ నేర్పుతున్నామంటూ తెలుగు మాట్లాడితే ఫైను వేసే చోట్లు ఇంకా ఉన్నాయని వింటే నాకు చాలా బాధగా ఉంటుంది. అర్థమైందో లేదో తేల్చుకోడానికి ఆ పిల్లలకున్న ఆధారం తెలుగే. ముందు అర్థం చేసుకోవాలి, గ్రామర్ ఆ తర్వాతే. మన జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర అనే గిరిజన భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని, అడిగి ఆ భాష నేర్చుకున్నారు. దానికి నిఘంటువు, వ్యాకరణం ఆ తర్వాత ఆయనే రాశారు.

మీ పేజీలో ప్యాసేజీ 100, 120 మాటలుంటే చాలు. వారానికి రెండుసార్లయినా మన ఊళ్ల సంగతులు వేయండి. పొందూరు ఖద్దరు తీసుకోండి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని, దాని పళ్లు ఎంతో సన్నగా ఉంటాయని, ఆ నూలు చాలా నాజూగ్గా వస్తుందని ఇంగ్లిష్‌లో రాయించండి. కింద 'దేంతో దువ్వుతారు?' అన్న ప్రశ్నతో ఆపేయకండి. 'మామూలు దువ్వెన ఎందుకు పనికిరాదు?' అని కూడా అడగండి. ఆ జవాబు దింపడానికి ఏ లైనూ ఉండదు. చేప పళ్లకూ నూలుకూ ఉన్న సంబంధం పిల్లలే పట్టుకోవాలి. పలాస జీడిపప్పు, బుడితి ఇత్తడి సామాను, తేలినీలాపురానికి ఏటా వచ్చే పక్షులు, రాయాలంటే ఎన్ని లేవు! పట్టిక ప్రశ్నకు బస్సుల టైంటేబులు వేసినా బాగుంటుంది.

మీకు అభ్యంతరం లేకపోతే ఆ ప్యాసేజీ రోజూ పెద్దది చేసి మా షాపు గోడకు అంటిస్తాను. రాసుకునే పిల్లలకు కాపీ ఉచితంగా ఇస్తాను. జవాబులు నన్నడిగినా మర్నాడు మీ పేపరు వచ్చేదాకా చెప్పను. మాకు పేపరు ఆరున్నరకే వస్తుంది. షాపు ఎనిమిదింటికి తీస్తాం, పిల్లలు స్కూలుకెళ్లే వేళకి అంటించేయొచ్చు.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు నిర్వాహకురాలు,
శ్రీకాకుళం