శిశు సంక్షేమ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మిషన్ సాయంతో నడిచే అనాథ పిల్లల ఇంటికి తనిఖీకి వచ్చి రిజిస్టర్లు, పడకగదులు, బాత్‌రూమ్‌లు చూస్తున్నారు. చూడాల్సిందే. విరాళాలతో నడిచే చోట లెక్క మరింత గట్టిగా ఉండాలి. కానీ వయసు నిబంధన పేరుతో అక్కను ఒక చోటికి, తమ్ముణ్ణి మరో చోటికి పంపేస్తే ఎలాగండీ? అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి, అక్క చొక్కా అంచు దొరికాకే మళ్లీ కళ్లు మూసే పిల్లాడు వాడు. వాడికి మిగిలింది ఆ ఒక్క మనిషే.

వేధింపుల ముప్పో, బిడ్డ మేలు కోరే మరో బలమైన కారణమో ఉంటే తప్ప తోబుట్టువులను విడదీయకూడదని ఐక్యరాజ్యసమితి 2009 మార్గదర్శకాలు చెబుతున్నాయి. 1989 బాలల హక్కుల ఒప్పందంలోని 25వ అధికరణం ఇలాంటి పిల్లల పరిస్థితిని ఎప్పటికప్పుడు సమీక్షించమంటుంది. ఆ సమీక్షలో పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి అడగండి. అప్పటిదాకా బదిలీ ఆర్డర్ ఆపండి.