రెండు బడుల ఆన్‌లైన్ పాఠానికి ముందస్తు సన్నాహం కావాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ హైస్కూళ్లలోకి ఇంటరాక్టివ్ ప్యానళ్లు (తాకితే పనిచేసే పెద్ద తెరలు) వచ్చాక, వేర్వేరు జిల్లాల తరగతులను కలిపి ఆన్‌లైన్‌లో ఉమ్మడి పాఠాలు జరపాలన్న మాట తరచుగా వినిపిస్తోంది. ఆలోచన మంచిదే. దానిని అమలుచేస్తున్న తీరు మీదే, చాలా ఏళ్లుగా ఫిజికల్ సైన్స్ బోధిస్తున్నవాడిగా, నాకు అభ్యంతరం ఉంది.

కిందటేడాది మా ఎనిమిదో తరగతిని మరో జిల్లాలోని బడితో కలిపారు. ఆ సంగతి ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో తెలిసింది. మర్నాడు పీరియడ్‌లో పావుగంట ‘వినపడుతోందా సార్’ అనుకోవడంతోనే గడిచిపోయింది. ఆపైన అవతలి మాస్టారు పాఠం చెప్పారు, మా పిల్లలు చేతులు కట్టుకుని చూశారు, చివర్లో రెండువైపులా ఫొటోలు తీసి పైకి పంపాము. ఆ పాఠం నేను నల్లబల్ల మీద చెప్పగలిగినదే. బడులు కలవడం వల్ల పిల్లలకు అదనంగా దక్కిందేమిటని ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు.

అవతలి బడి లేనిదే పూర్తికాని పనిని ఎంచుకున్నప్పుడే ఉమ్మడి పాఠానికి అర్థం ఉంటుంది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ ఈజిప్టులోని రెండు ఊళ్ల మధ్యాహ్నపు ఎండను పోల్చి భూమి చుట్టుకొలతను లెక్కగట్టాడు. ఆ పనిని ఇచ్ఛాపురం పిల్లలూ కుప్పం పిల్లలూ కలిసి చేయవచ్చు. (ఇచ్ఛాపురం నుంచి తడ దాకా అనడం మనకు అలవాటే గానీ, రాష్ట్రానికి దక్షిణపు కొస కుప్పం వైపే ఉంది.) పగలూ రాత్రీ సమానమయ్యే సెప్టెంబరు 23 ప్రాంతంలో మీటరు కర్రను నిటారుగా నిలబెడితే, మధ్యాహ్నపు నీడ ఇచ్ఛాపురంలో సుమారు 35 సెంటీమీటర్లు, కుప్పంలో సుమారు 23 సెంటీమీటర్లు ఉంటుంది. దీన్నిబట్టి రెండు చోట్ల ఎండ వాలులో తేడా ఆరు డిగ్రీల పైచిలుకని తేలుతుంది. ఉత్తర దక్షిణాలుగా దూరం సుమారు 700 కిలోమీటర్లు; ఆరు డిగ్రీల పైచిలుకుకు అంత దూరమైతే పూర్తి చుట్టు 360 డిగ్రీలకు ఎంతో లెక్కగడితే, చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లకు దగ్గరగా వస్తుంది.

అయితే ఇద్దరు మాస్టార్లూ ముందుగా మాట్లాడుకోకపోతే ఈ లెక్క తప్పడం ఖాయం. గడియారంలో పన్నెండు కాగానే రెండు చోట్లా కొలవమనడం కుదరదు. మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశానికి ఇచ్ఛాపురం తూర్పున, కుప్పం పడమటన ఉన్నందున, ఇచ్ఛాపురంలో మధ్యాహ్నమైన సుమారు 25 నిమిషాలకు గాని కుప్పంలో మధ్యాహ్నం కాదు. కాబట్టి పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా అయిదు నిమిషాలకోసారి నీడ కొసను గచ్చు మీద సుద్దముక్కతో గుర్తిస్తూ పోయి, అన్నిటికన్నా పొట్టి నీడను తీసుకోవాలి. కర్ర నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూసుకోవాలి. దూరానికి బస్సు కిలోమీటర్లు పనికిరావు, అట్లాసు స్కేలుతో కొలవాలి గనుక సోషల్ మాస్టారూ ఒక చేయి వేయాలి. సెప్టెంబరులో మబ్బులుంటాయి, రెండు ఊళ్లకూ ఒకే రోజు ఎండ దొరికేలా మూడు నాలుగు రోజులు కేటాయించుకోవాలి. మార్చిలోనూ ఇలాంటి రోజు వస్తుంది గానీ అప్పటికి ఒంటిపూట బడులు, పదో తరగతి పరీక్షలు.

ఇందులో ప్యానల్‌తో పని చివరి ఇరవై నిమిషాలే. కొలతలు ముందే ఫోన్‌లో చేరిపోతాయి గనుక నెట్ సరిగా లేని బడికీ ఇబ్బంది లేదు. అయిదుగురేసి పిల్లల జట్లు తమ లెక్కలు ఎదురెదురుగా పెట్టుకుని, ఒకరికి 38 వేలు, మరొకరికి 43 వేలు ఎందుకొచ్చిందని వాదించుకోవడమే అసలు పాఠం.

అందుచేత విద్యాశాఖ జూన్‌లోనే బడులను జతపరచి, పాఠం ఎంపికను ఆ ఇద్దరు ఉపాధ్యాయులకే వదిలి, రెండు టైమ్ టేబుళ్లలోనూ ఒకే పీరియడ్ ఇవ్వాలని, ఫొటోలకు బదులు పిల్లల నోటు పుస్తకాలు అడగాలని కోరుతున్నాను. రాష్ట్రాలను జతలుగా కలిపే కేంద్ర కార్యక్రమం ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కింద ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్‌ను, తెలంగాణకు హరియాణాను జతపరచి ఏళ్లయింది. అదే రోజున అదే కర్ర నీడ అమృత్‌సర్‌లో 60 సెంటీమీటర్లు దాటుతుంది. ఆ అంకె చెప్పుకోవడానికి పిల్లలకు భాష అడ్డురాదు.

వచ్చే సెప్టెంబరుకు శ్రీకాకుళం వైపు నుంచి ఏ సైన్స్ ఉపాధ్యాయులైనా జతకు ముందుకొస్తే, మా వైపు కర్ర, సుద్దముక్క సిద్ధంగా ఉన్నాయి.

— ఒక ప్రభుత్వ హైస్కూలు ఉపాధ్యాయుడు, చిత్తూరు జిల్లా