ఆ సున్నా ధర కాదు, సెలవు

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ మార్కెటింగ్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తుంటాను. ఊళ్లో నాన్న మిరప వేస్తారు. కాబట్టి మిర్చి యార్డులో ధర కదిలితే కొట్టులోనూ ఇంట్లోనూ దాని మాటే.

మొన్న మా బాబాయి ఫోను పట్టుకుని కొట్టుకు వచ్చాడు. కోల్డ్ స్టోరేజీలో ఆయనవి నలభై టిక్కీల (బస్తాల) తేజ రకం మిరపకాయలు ఉన్నాయి. ఒక ప్రభుత్వ కార్యాలయం పంచిన ధరల చార్టు చూపించి, "వారం వారం ధర ఇలా పాతాళానికి పోతుంటే ఇంకా దాచడం ఎందుకు? అమ్మేయమంటావా?" అన్నాడు. గీత రంపపు పళ్లలా ఉంది. ఐదు రోజులు పైన నడిచి, సున్నాకు దిగి, మళ్లీ లేస్తోంది. శని, ఆదివారాలు యార్డుకు సెలవని బాబాయికి తెలియక కాదు. ఆ పల్లం సెలవుదని చార్టులో ఎక్కడా లేదు.

కార్యాలయం పేరు రాయను. రాస్తే ఫైలు నింపిన గుమస్తాకు అక్షింతలు పడతాయి, పద్ధతి మాత్రం అలాగే ఉంటుంది.

ఆ ఫైలు తెప్పించుకుని ఎక్సెల్‌లో తెరిచాను. సెలవు రోజుల గడుల్లో సున్నా కొట్టి ఉంది. గడిని ఖాళీగా వదిలితే గీత అక్కడ తెగుతుంది. సున్నా వేస్తే ఎక్సెల్ దాన్ని ధర అనే నమ్ముతుంది. గీత సంగతి అటుంచండి, సగటు చూడండి. ఐదు రోజులూ క్వింటాలు 15,000 పలికిందనుకుందాం. రెండు సున్నాలు కలిపి ఏడుతో భాగిస్తే వారం సగటు 10,714. ఏ రైతూ ఆ ధరకు అమ్మలేదు, ఏ వ్యాపారీ కొనలేదు.

తేదీల వరుస ఇంకా చిత్రం. 03-04-2024 అని మనం కొడితే ఏప్రిల్ 3. అమెరికా పద్ధతిలో ఉన్న కంప్యూటర్‌కు అది మార్చి 4. 13-04-2024 అంటే దానికి పదమూడో నెల లేదు కాబట్టి తేదీగా తీసుకోక, మామూలు అక్షరాలుగా ఉంచేస్తుంది. గడిలో ఎడమవైపు ఒదిగి కూర్చున్నవి అక్షరాలు, కుడివైపువి తేదీలు. అనుమానం ఉంటే గడిని సంఖ్యగా మార్చి చూడాలి: ఏప్రిల్ 3 అయితే 45385 రావాలి, 45355 వచ్చిందంటే మార్చిలోకి జారినట్టే.

ఇలా అక్షరాలు కలిస్తే చార్టు అడుగు గీతను తేదీలుగా కాక పేర్ల వరుసగా లెక్కపెట్టి అన్నిటినీ సమాన దూరంలో పేరుస్తుంది. మే, జూన్‌లలో యార్డుకు ఇచ్చే వేసవి సెలవుల తేదీలను ఫైలులో ఎక్కించకపోతే ఆ సెలవులు అలా మాయమవుతాయి. సెలవులకు ముందు ధర, తర్వాత ధర పక్కపక్కన నిలబడి, నెల రోజుల మార్పు రాత్రికి రాత్రే జరిగినట్టు కనిపిస్తుంది. ఇంకో ఫైలులో తేదీ గడిలోనే సున్నా పడింది. చార్టు 1900 నుంచి మొదలై, మా మిర్చి అంతా కుడి అంచున గోడకు నక్కింది. దానికి మాత్రం బాబాయి కూడా నవ్వాడు.

అయ్యా, కొత్త యాప్ అడగడం లేదు. ధరలు పంచే కార్యాలయాలన్నిటికీ ఒక ఉత్తర్వు చాలు. ధర లేని రోజు ధర గడి ఖాళీగా ఉండాలి. పక్క గడిలో కారణం రాయాలి: యార్డు సెలవా, ఆ రకం సరుకు రాలేదా, ధర ఎక్కించలేదా. ఈ మూడూ రైతుకు మూడు వేర్వేరు కబుర్లు. తేదీని రోజు, నెల పేరు, సంవత్సరంగా రాయిస్తే ఏప్రిల్ మార్చిగా మారదు. చార్టు అడుగు గీతను తేదీల రకంగా పెట్టడం రెండు నొక్కుల పని.

బాబాయికి సున్నాలు తీసేసి గీత మళ్లీ గీసి ఇచ్చాను. టిక్కీలు ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి. వేసవి సెలవులు మొదలయ్యేలోగా ఉత్తర్వు వస్తుందని ఎదురుచూస్తాం.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక మిరప రైతు కొడుకు